టిఫ్ ఫైళ్లు తెరుచుకుంటున్నాయి, తమ్ముడికి కృతజ్ఞతలు

గుంటూరు బ్రాడీపేటలోని మా డీటీపీ సెంటర్‌కి వచ్చి, కంప్యూటర్ చక్కబెట్టి వెళ్లిన తమ్ముడికి నలుగురిలో థాంక్స్ చెప్పాలని ఈ పోస్టు. పేరు రాయొద్దన్నాడు, రాయను. బీటెక్ చివరి ఏడాది కుర్రాడు.

మేం పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి, బొమ్మలోని అక్షరాలు చదివే టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో టెక్స్ట్‌గా మార్చి, తప్పులు దిద్ది ఇస్తుంటాం. మా కంప్యూటర్ సెకండ్ హ్యాండ్‌ది. అమ్మినవాళ్లు అందులో టెసరాక్ట్ 4.0ని సోర్స్ కోడ్ నుంచి బిల్డ్ చేసి (అంటే ప్రోగ్రామ్ అసలు కోడ్ నుంచి సొంతంగా తయారుచేసి) పెట్టారు, సోర్స్ ఫోల్డర్ మాత్రం ఉంచలేదు. పీఎన్‌జీ బొమ్మలైతే చదివేది. టిఫ్ (ఇదీ ఒక రకం బొమ్మ ఫైలే) స్కాన్ ఇస్తే చాలు, ఎర్రర్. ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) 24.04కి మారాక, అందులో సాఫ్ట్‌వేర్లు వేసే ఏపీటీతో టెసరాక్ట్ 5 వేసినా, వెర్షన్ అడిగితే 4.0 అనే చెప్పేది. ఒక రిపేర్ షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టడమే మార్గం అన్నారు. ఫాంట్లు, సెట్టింగులు అన్నీ మళ్లీ పెట్టుకోవాలంటే ఎంత టెన్షనో ఈ పనిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

తమ్ముడు వచ్చీ రాగానే ఏదీ డిలీట్ చేయలేదు. నాకు బాగా నచ్చింది అదే. కంప్యూటర్‌లో టెసరాక్ట్‌లు ఎన్ని ఉన్నాయో ముందు చూశాడు. రెండున్నాయి: సోర్స్ నుంచి వేసింది యూఎస్ఆర్ లోకల్ బిన్ (/usr/local/bin) ఫోల్డర్‌లో, ఏపీటీ వేసింది యూఎస్ఆర్ బిన్ (/usr/bin) ఫోల్డర్‌లో. కమాండ్ కొడితే సిస్టమ్ వెతికే ఫోల్డర్ల వరస, అంటే పాత్‌లో లోకల్ ముందుంటుంది కాబట్టి పాతదే నడుస్తోంది. పోనీ కొత్తదాన్ని అది ఉన్న ఫోల్డర్ పేరుతో సహా ఇచ్చి నడిపితే? అప్పుడూ టిఫ్ తెరుచుకోలేదు! వెర్షన్ వివరాల కింద బొమ్మల లైబ్రరీల పేర్లు వస్తాయి కదా, అందులో టిఫ్ ఫైళ్లు తెరిచే లిబ్‌టిఫ్ లేదని వేలు పెట్టి చూపించాడు. టెసరాక్ట్ బొమ్మలు తెరవడానికి వాడుకునే లెప్టోనికాని కూడా వాళ్లే బిల్డ్ చేశారట, అదీ టిఫ్ సపోర్ట్ లేకుండా. కొత్త టెసరాక్ట్ కూడా ఆ పాత లెప్టోనికానే పట్టుకుంటోందని ప్రోగ్రామ్ ఏ లైబ్రరీలు వాడుతోందో చూపే ఎల్‌డీడీ కమాండ్‌తో తేల్చాడు. ఇన్నాళ్లూ స్కానర్‌ని తిట్టుకున్నాం పాపం.

సోర్స్ నుంచి వేసినవాటి లెక్క ఏపీటీ దగ్గర ఉండదు, అందుకే దానితో అవి పోవు. తమ్ముడు అవే వెర్షన్ల సోర్స్ మళ్లీ దింపి, అదే ప్రిఫిక్స్‌తో (ఫైళ్లు ఏ ఫోల్డర్‌లో పెట్టాలో చెప్పేది) కాన్ఫిగర్ చేశాడు. వేసినవాటిని తీసేసే 'మేక్ అన్‌ఇన్‌స్టాల్' కమాండ్‌ని ముందు '-ఎన్' పెట్టి నడిపాడు. అలా చేస్తే ఏమేం తీసేస్తుందో చూపిస్తుందే తప్ప నిజంగా తీయదు. ఆ లిస్టు నాతో కూడా చదివించి, మా తెలుగు డేటా ఫైళ్లు వేరేచోట కాపీ చేసి, అప్పుడు అసలు కమాండ్ కొట్టాడు. ముందు టెసరాక్ట్, తర్వాత లెప్టోనికా. ఆఖర్న, సిస్టమ్ దగ్గరుండే లైబ్రరీల జాబితాని సరిచేసే ఎల్‌డీకాన్ఫిగ్. కొత్త టెర్మినల్ తెరిస్తే వెర్షన్ 5, కింద లిబ్‌టిఫ్!

అన్ని సాఫ్ట్‌వేర్లకీ ఈ అన్‌ఇన్‌స్టాల్ ఉండదట. సీమేక్ అనే టూల్‌తో బిల్డ్ చేసినవి చాలావరకు బిల్డ్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ మ్యానిఫెస్ట్ అనే ఫైల్ వదులుతాయి, ఎక్కడెక్కడ ఏం పెట్టిందీ అందులో ఉంటుంది. అందుకే ఆ ఫోల్డర్ పారేయకూడదు. ఇకమీదట సోర్స్ నుంచి ఏదైనా వేయాల్సి వస్తే ప్రిఫిక్స్‌గా ఓపీటీ (/opt) కింద దానికంటూ ఒక ఫోల్డర్ ఇమ్మన్నాడు. వద్దనుకుంటే ఆ ఒక్క ఫోల్డర్ తీసేస్తే సరి. ఇదంతా కాగితం మీద రాసిచ్చాడు, మానిటర్ పక్కన అంటించాం.

డబ్బు ఎంత బలవంతం చేసినా తీసుకోలేదు. పైగా లెటర్‌ప్రెస్ (పాతకాలపు అచ్చు) పేజీల్లో వత్తులు ఎందుకు తప్పుతున్నాయో చూస్తానని కొన్ని స్కాన్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లాడు. తమ్ముడూ, ఇంకా కావాలంటే పంపిస్తాం, మా దగ్గర అలాంటి పేజీలకి కొదవలేదు.

తమ నాన్నగారి పుస్తకం ఆలస్యమైనా ఒక్క మాట అనకుండా ఆగిన మాస్టారికి కూడా ధన్యవాదాలు. మీ ప్రూఫులు సిద్ధమయ్యాయండీ, ఎప్పుడైనా వచ్చి తీసుకోవచ్చు.