శస్త్రచికిత్స తర్వాత పెద్ద కుక్కకు విశ్రాంతి ఎలా?

సంపాదకులకు నమస్కారం.

మా 34 కిలోల లాబ్రడార్‌కు వెనుక కాలి మోకాలిలో లిగమెంటు తెగడంతో, మోకాలి కింది ఎముకను కోసి ప్లేటు బిగించే టీపీఎల్‌ఓ శస్త్రచికిత్స చేయించాము. ఎముక అతుక్కోవడానికి సుమారు 8 వారాలు పడుతుంది కాబట్టి అంతవరకు పరుగు, గెంతడం, మెట్లు, సోఫా అన్నీ నిషిద్ధమే. అయితే ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రివారు మాకు చెప్పింది ‘రెస్ట్ ఇవ్వండి’ అన్న ఒక్క మాటే.

మూడో రోజు కాలింగ్ బెల్ మోగగానే అది దిగ్గున లేచి నున్నని టైల్స్ మీద జారిపడింది. అదృష్టవశాత్తు ప్లేటు కదలలేదు. ఆ తర్వాతే మంచం పక్కకు జరిపి, అది నిలబడి వెనక్కి తిరగడానికి సరిపోయేంత చోటు మాత్రమే వదిలి, గది మూలన ఇనుప జాలీలతో దడి కట్టి, కింద రబ్బరు మ్యాట్లు పరిచాము. మూత్రవిసర్జనకు తీసుకెళ్లినప్పుడల్లా పొట్ట కింద తువ్వాలు వేసి బరువు మోస్తున్నాము (మా నడుముల సంగతి వేరే చెప్పాలి). రెండో వారంలో నొప్పి తగ్గి అది హుషారుగా కనిపించడమే అసలు ప్రమాదమని, అప్పుడు జాలిపడి వదిలేయకూడదని మాకు ఆలస్యంగా తెలిసింది.

ఈ సూచనలను తెలుగులో ఒక కాగితంపై అచ్చువేసి, శస్త్రచికిత్సకు ముందే యజమానుల చేతికి ఇవ్వవలసిందిగా పశువైద్యులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విజయవాడ