ఆఖరి గ్రూప్ మ్యాచ్‌లకు రెండు మైదానాలు కావాలి

సంపాదకుల వారికి,

దక్షిణాసియా ఫుట్‌బాల్ టోర్నీ అయిన శాఫ్ చాంపియన్‌షిప్ ప్రస్తావన వస్తే మన పత్రికలు భారత్ గెలిచిన తొమ్మిది టైటిళ్ల లెక్క చెప్పి ఊరుకుంటాయి. టోర్నీ ఏర్పాట్లలోనే ఉన్న పెద్ద లోపం గురించి కూడా రాయాలి.

2023లో బెంగళూరు కంఠీరవ స్టేడియం ఒక్కదానిలోనే 14 రోజుల్లో 15 మ్యాచ్‌లు ఆడించారు. గ్రూప్ దశలో మధ్యాహ్నం మూడున్నరకు ఒకటి, రాత్రి ఏడున్నరకు ఇంకొకటి. ఒక గ్రూపు ఆఖరి మ్యాచ్‌లు జరిగిన జూన్ 28న మాల్దీవులు మధ్యాహ్నం లెబనాన్ చేతిలో 0-1తో ఓడింది. ఆ ఫలితం చూసుకున్నాకే బంగ్లాదేశ్ రాత్రి భూటాన్‌పై బరిలోకి దిగింది. డ్రా అయినా సెమీస్ ఖాయమని దానికి ముందే తెలుసు. మాల్దీవులకు ఆ వెసులుబాటు ఏది? బంగ్లా 3-1తో గెలిచింది కాబట్టి గొడవ రాలేదు, అంతే. 1982 ప్రపంచకప్‌లో అల్జీరియా ఆట ముందురోజే ముగిసిపోవడంతో, జర్మనీ 1-0తో గెలిస్తే ఇద్దరూ ముందుకెళ్తారని తెలిసిన పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా మొదట్లోనే గోల్ పడ్డాక బంతిని అటూ ఇటూ తిప్పుతూ కాలక్షేపం చేశాయి. 1986 నుంచి ప్రపంచకప్‌లో ఒక గ్రూపు ఆఖరి మ్యాచ్‌లు రెండూ ఒకేసారి మొదలవుతున్నాయి.

ఇక్కడ ఒక్క గోల్ విలువ చిన్నది కాదు. అదే టోర్నీలో కువైట్‌పై 1-0తో ముందున్న భారత్, ఇంజురీ టైమ్‌లో సెల్ఫ్ గోల్‌తో డ్రాకు సరిపెట్టుకుంది. ఇద్దరికీ ఏడేసి పాయింట్లు, గోల్స్ తేడా కూడా ఆరే. కొట్టిన గోల్స్ కువైట్‌వి ఎనిమిది, మనవి ఏడు కావడంతో కువైట్ అగ్రస్థానంలో నిలిచింది. సెమీస్‌లో మనకు బంగ్లాదేశ్ బదులు లెబనాన్ ఎదురై, పెనాల్టీల దాకా వెళ్లాల్సి వచ్చింది.

రెండో మైదానానికి భారీ గ్యాలరీలు అక్కర్లేదు. మంచి పచ్చిక, వర్షపు నీరు నిలవని నేల, ఫ్లడ్‌లైట్లు, డ్రెస్సింగ్ రూములు చాలు. అసలు ఖర్చు రెండో కెమెరా బృందానిది. నిర్వాహకులు వెనకాడేది అక్కడే. కానీ ఆ అవసరం రెండు రోజులే. పైగా మైదానానికీ ఊపిరి ఆడుతుంది. మూడున్నర మ్యాచ్ ముగిసి, రాత్రి జట్లు వార్మప్‌కు వచ్చేలోగా గంటన్నర కూడా మిగలదు. గోల్ ముందు లేచిపోయిన గడ్డిపెళ్లలు సర్ది తొక్కగలరేమో గానీ, నేల పూర్తిగా కోలుకోదు. జూన్ వానల్లో అక్కడ కీపర్ కాలు జారుతుంది, బంతి లేవాల్సిన ఎత్తు లేవదు.

2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగిన గచ్చిబౌలి స్టేడియం మనకుంది. నగరంలో మరో మైదానాన్ని ఈ స్థాయికి తెచ్చి, రెండూ కలిపి శాఫ్ ఆతిథ్యానికి అడగాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యను కోరుతున్నాం.

– ఫుట్‌బాల్ అభిమానులు, హైదరాబాద్