బయటి కాయను ఆపే అధికారం ఎవరిది?

ఎడిటర్ గారికి,

తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడల్లా చిత్తూరు జిల్లాలో వినిపించే డిమాండ్ ఒకటే: కర్ణాటక కాయను సరిహద్దులోనే ఆపండి. 2025 జూన్‌లో ఆపారు కూడా. కిలోకు గుజ్జు ఫ్యాక్టరీలు రూ.8, ప్రభుత్వం రూ.4 కలిపి రైతుకు రూ.12 అందేలా చూస్తూ, బయటి కాయ రాకుండా జిల్లా యంత్రాంగం ఉత్తర్వులిచ్చింది. దానిపై కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. రైతు కష్టం నిజమే. కానీ ఆ గేటు తాళంచెవి కలెక్టరేట్‌లో ఉండదు.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల మధ్య వ్యాపారం కేంద్ర జాబితాలోని 42వ అంశం, అంటే పార్లమెంటుది. రాష్ట్రం లోపలి వ్యాపారం, సంతలు, మార్కెట్లు శాసనసభవి. సరకు దేశమంతా స్వేచ్ఛగా తిరగాలని 301వ అధికరణ చెబుతుంది. ప్రజాప్రయోజనం కోసం దానికి పరిమితులు పెట్టే అధికారం 302 పార్లమెంటుకిచ్చింది. 304(బి) కింద అసెంబ్లీకీ అవకాశముంది గానీ, బిల్లు పెట్టకముందే రాష్ట్రపతి అనుమతి తెచ్చుకోవాలి, ఆ పరిమితి సహేతుకమని కోర్టులో నిలబెట్టుకోవాలి. ముందస్తు అనుమతి మరిచినా, తర్వాత బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం వస్తే 255 కింద ఆ లోపం పోతుంది. ఏ చట్టం ఆసరా లేకుండా ఉత్తర్వుతోనే లారీ ఆపితే మాత్రం దాన్ని నిలబెట్టే దారి లేదు.

చాలామంది చూడనిది 303. ఒక రాష్ట్రానికి మేలు, ఇంకో రాష్ట్రానికి కీడు చేసే వాణిజ్య చట్టం పార్లమెంటు కూడా చేయకూడదు. మినహాయింపు ఒక్కటే, సరకు కొరత. మన సమస్య కొరత కాదు, ఎక్కడ పోయాలో తెలియనంత కాయ! కాబట్టి ఢిల్లీ వెళ్లి అడిగినా ఈ నిషేధం దొరకదు.

పన్నుతో అడ్డుకుందామన్నా కుదరదు. 304(ఎ) ప్రకారం మన కాయకు లేని పన్ను బయటి కాయకు వేయకూడదు.

రూ.4 సాయం మన రైతుకే ఇవ్వడానికి మాత్రం వీటిలో ఏదీ అడ్డు రాదు. తోట విస్తీర్ణం ముందే నమోదు చేసి, ఎకరాకు ఎన్ని టన్నులో లెక్కగట్టి, తూకం చీటీని దానితో సరిపోల్చాకే ఖాతాలో వేయాలి. మధ్యవర్తి బయటి కాయను మన రైతు పేరున తూకం వేయిస్తే, ఆ దొంగ చీటీ దొరికేది చెక్‌పోస్టులో కాదు, ఫ్యాక్టరీ గేటు దగ్గరే. సిబ్బందిని అక్కడ పెట్టాలి, అదీ కోతలు మొదలవకముందే.

— ఒక న్యాయవాది, చిత్తూరు