తోచింది పోసేయడమే స్వేచ్ఛా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో నైరూప్య చిత్రకళ (మనిషి, చెట్టు లాంటి పోలికలు లేకుండా గీతలు, రంగులతోనే సాగే కళ) మీద వచ్చిన వ్యాసం చదివాక ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు. ‘నియమాలేవీ లేవు, మనసుకు తోచింది కాన్వాసు మీద పోసేయండి, మిమ్మల్ని మీరు తెలుసుకుంటారు’ అన్న ధోరణిలో సాగిందది. చెన్నైలో ఈ మధ్య ఇదే మాట చెప్పి రెండు గంటల ‘ధ్యాన చిత్రలేఖనం’ తరగతులు నడుపుతున్నారు. వాటికి వెళ్తున్న తెలుగు కుటుంబాలూ తక్కువేం కాదు. నైరూప్య చిత్రంలో ఆధ్యాత్మికమైన స్వేచ్ఛ ఉందన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ అది పోసేయడంలో లేదు.

తోచింది గీస్తే బయటికొచ్చేది ఆత్మ కాదు, అలవాటు. పరీక్షించి చూడటానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఇరవై న్యూస్‌ప్రింట్ కాగితాలు, ఒక చార్‌కోల్ కడ్డీ చాలు. ఒక్కో కాగితానికి రెండు నిమిషాలు, ఏ బొమ్మా అనుకోకుండా గీయాలి. అయ్యాక అన్నిటినీ నేల మీద వరసగా పరిచి, నిలబడి చూడాలి. మొదటి గీత చాలా కాగితాల్లో పైన ఎడమవైపే మొదలై ఉంటుంది. నోటుపుస్తకంలో రాత మొదలయ్యే చోటు అదే కదా. నడుమంతా నిండిపోయి మూలలు ఖాళీగా ఉంటాయి. వంపులన్నీ మణికట్టు తిరిగినంత మేరే, ఒకే కొలతలో. తెలుగు రాసి పెరిగిన చేతికైతే సున్నాలూ, కొమ్ముల్లాంటి మెలికలూ తెలియకుండానే పడిపోతాయి. మూడుసార్లకు మించి వచ్చిన ఆకారాన్ని పక్కన గుర్తు పెట్టుకుని, మరో పది కాగితాలు తీసుకుని వాటిలో అది రానివ్వకూడదు. కుడివైపు అడుగు నుంచి మొదలుపెట్టాలి, భుజం కదిపి గీయాలి. చేయి మొండికేస్తుంది. ఇక గీయడానికి ఏమీ లేదనిపిస్తుంది. సరిగ్గా అక్కడే తన చేయి తన మాట ఎంతవరకు వింటుందో మనిషికి తెలిసొస్తుంది. ఆ తరగతుల్లో ఈ ఘట్టం దాకా రానే రారు, ఈలోపే రంగుల సీసాలు తెరుస్తారు.

రంగుల సంగతీ అంతే. పన్నెండు రంగులు ముందు పెట్టి కలిపేయమంటే చివరికి మిగిలేది బురద. రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉండే నీలం-నారింజ, ఎరుపు-ఆకుపచ్చ లాంటి రంగులు తడి మీద కలిస్తే ఒకదాని కాంతిని ఒకటి మింగేస్తాయి. పైగా మన ఎండకు, ఫ్యాను కింద, అక్రిలిక్ (నీళ్లతో పలచన చేసుకునే రంగు) మీద నిమిషాల్లో పొర కడుతుంది. సగం ఆరిన ఆ పొర మీద మళ్లీ కుంచె ఆడిస్తే అది చిరిగి ఉండలు కడుతుంది. పూర్తిగా ఆరేదాకా ఆగాలి, లేదా తడి పోకుండా సన్నగా నీళ్లు చిలకరిస్తూ ఉండాలి. పలచన చేయాలంటే రెండు చెంచాల రంగుకు ఒక చెంచా నీళ్లు దాటకపోవడం మంచిది. నీళ్లు మరీ ఎక్కువైతే రంగును పట్టి ఉంచే జిగురు బలం తగ్గి, ఆరాక రుద్దితే లేచిపోతుంది. ఆ జిగురు తడిలో పాలలా ఉండి ఆరాక గాజులా తేటపడుతుంది కాబట్టి, తడిలో సరిపోయిందనుకున్న నీలం ఆరేసరికి ఒక మెట్టు ముదురుతుంది. మొదలుపెట్టేవాళ్లకు అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి లాంటి గోధుమరంగు), టైటానియం తెలుపు, ఈ మూడు చాలు. మొదటి రెండూ కలిస్తే దాదాపు నలుపు వస్తుంది. అందులో తెలుపు చుక్క చుక్కగా కలుపుతూ పోతే చల్లనివీ వెచ్చనివీ ఎన్ని బూడిద రంగులు పుడతాయో చూడటమే వారం రోజుల పని.

ఈ కళకు మన ఊరితో ఉన్న చుట్టరికం ఆ వ్యాసంలో లేకపోవడం ఇంకో వెలితి. 1882 నుంచి దివ్యజ్ఞాన సమాజానికి (థియోసాఫికల్ సొసైటీ) కేంద్రం మన అడయారే. ఆ సమాజానికి చెందిన అనీబిసెంట్, లెడ్‌బీటర్ 1905లో తెచ్చిన ‘థాట్ ఫార్మ్స్’ పుస్తకంలో భక్తి, కోపం వంటి భావాలకు రంగులూ ఆకారాలూ ఇచ్చి బొమ్మలు వేయించారు. నైరూప్య చిత్రకళకు బాట వేసినవాళ్లలో ఒకడైన రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ ఆ సమాజపు ఆలోచనల్ని శ్రద్ధగా చదివినవాడు. అలాంటి మరో చిత్రకారుడు, నెదర్లాండ్స్‌కు చెందిన మోండ్రియాన్ 1909లో ఆ సమాజంలో సభ్యుడిగా చేరాడు. అయితే కాండిన్‌స్కీ దివ్యజ్ఞానం దగ్గరే ఆగిపోలేదు. ఆయన ‘కంపోజిషన్ 7’ చూస్తే రంగుల తుఫానులా ఉంటుంది, ఏదో పూనకంలో వేశాడనిపిస్తుంది. 1913 నవంబరులో నాలుగు రోజుల్లో వేశాడన్నదీ నిజమే. దానికి ముందు ముప్పైకి పైగా చిత్తు చిత్రాలు గీసుకున్నాడు! ఆ నాలుగు రోజుల స్వేచ్ఛ వెనుక అంత కసరత్తు ఉంది.

చెన్నైలోని ఇంజంబాక్కంలో 1966లో చోళమండలం కళాకారుల గ్రామాన్ని నెలకొల్పిన చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ సంగతీ చెప్పాలి. 1963లో ఆయన మొదలుపెట్టిన ‘వర్డ్స్ అండ్ సింబల్స్’ చిత్రాల్లో జాతక చక్రాల్లాంటి గళ్లు, గణిత సంకేతాలు, మలయాళ లిపిని పోలిన సన్నటి రాత ఉంటాయి. ఆరడుగుల దూరంలో పాత తాళపత్రంలా కనబడుతుంది. దగ్గరికెళ్లి చదవబోతే ఒక్క మాటా చిక్కదు. అర్థం కోసం పరుగెత్తిన కన్ను కాసేపు తడబడి, ఆ ప్రయత్నం మాని, గీత బిగువునీ రెండు గళ్ల మధ్య ఖాళీనీ చూడటం మొదలుపెడుతుంది. దీనికి పది నిమిషాలైనా పడుతుంది. అంతసేపు నిలబడినవాళ్లు ‘ఇందులో ఏముంది?’ అని అడగరు.

వేసేవాళ్లకు అన్నిటికన్నా కష్టమైనది ఆపడం. కాన్వాసును నాలుగు వైపులా తిప్పి చూడాలి. ఏ వైపు నిలబెట్టినా ఒకే మూలకు కన్ను జారిపోతుంటే అక్కడ ఏదో ఎక్కువైందన్నమాట. తర్వాత మూడు రోజులు గోడకు తిప్పి పెట్టేయాలి. నాలుగో రోజు మొదటి చూపులో ముద్దొచ్చిన భాగాన్నే ముందు అనుమానించాలి, చాలాసార్లు రంగుతో కప్పేయాల్సింది అదే. కప్పేయడానికి చేయి రాకపోతే ఎందుకు రావడం లేదో మనసును అడగాలి. ఆధ్యాత్మికం అన్న మాటకు ఈ కళలో నాకు తెలిసిన అర్థం ఆ ప్రశ్నే.

చివరగా ఒక విన్నపం. ఆ వ్యాసంతో పాటు వేసిన బొమ్మకు చిత్రకారుడి పేరు లేదు, సంవత్సరం లేదు. అది జానెడు కాగితమో గోడంత కాన్వాసో తెలియలేదు. శీర్షిక పట్టడానికి పైఅంచు కత్తిరించినట్టు కూడా ఉంది. నైరూప్య చిత్రంలో అంచు కూడా చిత్రమే. ఇకమీదట బొమ్మను అంచులతో సహా వేసి, కింద పేరు, సంవత్సరం, కొలతలు, ఏ రంగులతో వేశారో ఒక్క వరుసలో ఇవ్వగలరని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక చిత్రలేఖన ఉపాధ్యాయురాలు
బెసెంట్ నగర్, చెన్నై