నది పోయింది సరే, కూర్చోవడానికి చోటైనా మిగల్చండి

సంపాదకులకు నమస్కారం.

ఆర్లాండోలో డిస్నీ వాళ్ల వినోద పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ‘రివర్స్ ఆఫ్ అమెరికా’ అనే కృత్రిమ నదిని, టామ్ సాయర్ దీవిని, లిబర్టీ బెల్ స్టీమర్‌ని 2025 జులై 6తో మూసేసి, ఆ జాగాలో ‘కార్స్’ సినిమా పేరుతో రెండు రైడ్లు కడుతున్నారు. దీని మీద ఫ్యాన్స్ గొడవ చూసి మనవాళ్లలో చాలామంది నవ్వుతున్నారు. పిల్లల పార్కు కోసం పెద్దవాళ్లు ఏడవడమేంటని! ఇక్కడే ఉంటున్న నాకు అది నవ్వులాట అనిపించడం లేదు.

దీవి చాలాసార్లు ఖాళీగానే ఉండేదన్నది నిజమే. 1876 నాటి నవల్లోని టామ్ సాయర్ ఎవరో ఇప్పటి పిల్లల్లో ఎందరికి తెలుసు? పాత అమెరికా పల్లెపట్టులా తీర్చిన ఆ చోట కార్టూన్ కార్లు తిరగడమేంటన్న వాదన కూడా నాకు పెద్దగా ఎక్కలేదు. నా బాధ వేరు.

ఊరి నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వస్తే ఆర్లాండో తీసుకురాని తెలుగు ఇల్లు అమెరికాలో తక్కువ. పదేళ్లు నిండితే అందరికీ ఒకటే టికెట్, ముసలివాళ్లకు తగ్గింపేమీ లేదు. పీక్ సీజన్‌లో ఒక్కరికి నూట యాభై డాలర్లు దాటుతుంది. తీరా లోపలికెళ్లాక సగం రైడ్లకు వాళ్లు బ్యాగులు పట్టుకుని బయట నిలబడాలి. స్టీమర్ అలా కాదు. మోకాళ్ల నొప్పులున్నా, బీపీ ఉన్నా, చంకలో పాపాయి ఉన్నా ఎక్కేయగలిగేవాళ్లు. చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరైన మా మామయ్యగారు రైడ్లన్నిటికీ వద్దంటే వద్దన్నారు గానీ, ఆ స్టీమర్ వెనకవైపు చక్రం దగ్గర్నుంచి మాత్రం కదల్లేదు. నిజం ఆవిరితో నడిచే ఇంజన్, నీళ్లు చిమ్ముతూ తిరిగే ఎర్రటి చక్రం. నీటి అడుగున రైలు పట్టాలాంటిది ఉందని, దాని వెంటే స్టీమర్ నడుస్తుందని తెలిశాక, “ఇది పడవ కాదమ్మా, నీళ్లలో రైలు!” అని మా పిల్లలకు గంటసేపు వివరించారు. మూడు తరాలవాళ్లూ కలిసి ఎక్కే చోటు పార్కులో ఎన్నున్నాయి చెప్పండి?

జాగా లేక తీసేశారంటే నమ్మలేం. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్ ఇంతకంటే ఎంతో ఇరుకు. అక్కడ స్టార్ వార్స్ సినిమాల పేరుతో కొత్త విభాగం కట్టడం కోసం అలాంటి నదినే కొంత కుదించారే తప్ప మూసేయలేదు, 2017లో మళ్లీ పడవలు నడిపారు. ఇక్కడ డిస్నీ కంపెనీకి పాతిక వేల ఎకరాల దాకా ఉంది. డిస్నీ సినిమాల విలన్ల పేరుతో కట్టే కొత్త విలన్స్ ల్యాండ్‌కి, పార్కులోని బిగ్ థండర్ అనే రైడ్ కొండ వెనక జాగా దొరికింది కదా!

పోయిన నది ఎలాగూ రాదు. కొండలు, జలపాతాలు, చెట్లు పెడతామంటున్నారు. ఆ చెట్ల కింద బెంచీలు కూడా వేయమనండి. ఫ్లోరిడా ఎండ తెలిసినవాళ్లకు నీడ విలువ చెప్పక్కర్లేదు. ఎత్తు కొలవకుండా, నడుం అదరకుండా అందరూ ఎక్కే రైడ్ ఒక్కటైనా పెట్టమనండి. పార్కుకు వెళ్లే తెలుగువాళ్లు పార్కు లోపలి మెయిన్ స్ట్రీట్ మొదట్లోనే ఉండే సిటీ హాల్‌లో, అంటే సందర్శకుల మాట వినే ఆఫీసులో ఆగి ఈ మాట చెప్పండి. పార్కు చూసొచ్చాక మెయిల్లో సర్వే వస్తే చెత్తబుట్టలో పడేయకుండా మీ ఇంటి పెద్దవాళ్ల తరఫున నింపండి.

– ఒక పాఠకురాలు, ఆర్లాండో, ఫ్లోరిడా