డక్టు ఉన్న ప్లాను ఇక గీయం

ఇళ్ల నడుమ మిగిలిపోయిన చిన్న స్థలాల్లో ఐదారు కుటుంబాలకు ఇళ్లు గీయించుకోవడానికి మా దగ్గరికి వచ్చినవారిలో చాలామంది పాత కస్టమర్లు పంపితే వచ్చినవారే. అందుకే ఈ సంగతి మీరు మరొకరి నోట వినకముందే నేనే చెబుతున్నాను. ఇన్నాళ్లూ మేము ఇస్తున్న ప్లానులో తప్పుంది.

ఇటువంటి స్థలానికి రెండు పక్కలా పొరుగు గోడలే కాబట్టి పక్క కిటికీలు పెట్టలేం. కిటికీ పైఅంచు ఎంత ఎత్తులో ఉంటే, దానికి రెండు, రెండున్నర రెట్ల దూరం వరకే పగటి వెలుతురు పనికొస్తుంది. 14 మీటర్ల పొడవున్న కట్టడంలో ముందు నుంచి 5, వెనక నుంచి 5 మీటర్లు పోగా, నడుమ 4 మీటర్లు చీకటే. అక్కడ మెట్లు, బాత్‌రూములు, వంటిళ్లు పెట్టి, గాలి కోసం 1.2 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల పొడవున్న డక్టు, అంటే కింది నుంచి పైదాకా తెరిచి ఉండే ఇరుకు సందు, వదిలేవాళ్లం. వంటిళ్ల కిటికీలు అందులోకే తెరుచుకునేవి. అంతస్తుకు రెండిళ్లు, మూడు అంతస్తులకు ఆరు. లెక్క చక్కగా కుదిరేది. ఆ ప్లాను చూసుకొని గర్వపడ్డాను కూడా.

మేము గీసిన ఒక ఇంటి రెండో అంతస్తులో ఉంటున్న ఆవిడ ఫోను చేసి, "ఒకసారి వచ్చి మా వంటింట్లో నిలబడండి" అన్నారు. వెళ్లి నిలబడ్డాను. కింద ఇంట్లో తల్లీకూతుళ్లు ఏదో విషయానికి వాదించుకుంటున్నారు, ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తోంది. వాళ్ల పోపు ఘాటు నా కళ్లకు తగిలింది. వేడి గాలి పైకే పోతుంది, దారిలో తెరిచి ఉన్న ప్రతి కిటికీలోకీ దూరుతుంది. నున్నటి సిమెంటు గోడలు మాటను మింగవు, తిప్పి కొడతాయి. ఇవన్నీ నాకు తెలియనివి కావు. 1879 చట్టం తరవాత న్యూయార్క్‌లో కట్టిన అద్దె ఇళ్లలో ఇలాంటి ఇరుకు సందులే చెత్తకుప్పలై, వాసనకూ శబ్దానికీ దారులైతే, 1901 చట్టంతో పెద్ద ఖాళీలు తప్పనిసరి చేశారు. చదువుకున్న రోజుల్లోనే తెలుసుకున్న విషయం. నా డక్టు వేరనుకున్నాను. అదే నన్ను ఎక్కువగా బాధిస్తోంది.

ఇకపై నడుమ 3 మీటర్లు, 4 మీటర్ల కొలతతో ఆకాశం కనిపించే ఖాళీ వదులుతాం. డక్టుతో పోలిస్తే ప్రతి అంతస్తులో అదనంగా దాదాపు 10 చదరపు మీటర్లు పోతాయి, అంటే ఇంటికి 5. చిన్న ఇంట్లో దానితో రెండో పడక గదే పోవచ్చు. అద్దె మీద ఆశ పెట్టుకున్నవారికి ఈ మాట చెప్పడానికి నాకు చాలా రోజులు నోరు రాలేదు. గీసిన కాగితం చింపి, మళ్లీ డక్టుతోనే గీసి, మళ్లీ చింపాను. ఖాళీని 2 మీటర్లకు తగ్గించి చూశాను, ఎదురెదురు కిటికీలు మళ్లీ దగ్గరైపోయాయి. ఒక కస్టమరు ఈ మార్పు ఒప్పుకోలేక వేరేచోటికి వెళ్లిపోయారు. ఆయన లెక్క ఆయనది. నేను మాత్రం ఎవరు అడిగినా, ఎంత ఇస్తామన్నా, వంటింటి కిటికీని డక్టులోకి తెరవను.

ఇప్పుడు మా చేతిలో ఉన్న ప్లానులన్నీ అదనపు ఫీజు లేకుండా తిరిగి గీసి ఇస్తాం. మెట్ల కొలతలు మారవు, బాత్‌రూములు ఒకదాని మీద ఒకటే ఉంటాయి, కాబట్టి పైపుల ఖర్చు పెరగదు. కట్టేసిన ఇళ్లలో ప్రతి వంటింటి ఎగ్జాస్టుకూ విడిగా గొట్టం వేసి డాబా పైదాకా తీసుకెళ్లే పని మా ఖర్చుతోనే మొదలుపెట్టాం. ఘాటు తగ్గుతుంది. మాటలు వినిపించడం పూర్తిగా ఆగుతుందని మాట ఇవ్వలేను.

మీ ఇంట్లో మేము పెట్టిన డక్టు ఉంటే ఫోను చేయండి. వంట చేసే వేళకే వస్తాను.