తిరువయ్యారులో నా మోచేయి పట్టుకున్న అక్కకు

పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజ ఆరాధనలో పంచరత్న కీర్తనలు ముగియగానే జనం ఒక్కసారిగా లేచారు. చివరి కీర్తన శ్రీరాగం ఇంకా చెవుల్లో ఉండగానే దారి ఇరుకైపోయింది. అమ్మ ముందు, నేను వెనుక. ఊపిరాడక, టెన్షన్‌లో ఎదురు తోయబోయాను.

అప్పుడు మీరు నా మోచేయి పట్టుకున్నారు. మీది తమిళం, నాకు ‘వాంగ’ తప్ప రాదు. మీ రెండు చేతులూ ఛాతీ ముందు అడ్డంగా పెట్టి చూపించారు, నాతోనూ పెట్టించారు. ఆ జానెడు ఖాళీలోనే ఊపిరి ఆడింది. తోపు వచ్చినప్పుడు దాంతోపాటే కదలడం, అది ఆగగానే ఏటవాలుగా రెండడుగులు పక్కకు జరగడం. మళ్ళీ తోపు, మళ్ళీ రెండడుగులు. అమ్మ కొంగు మాత్రం వదలనివ్వలేదు. జారిపడ్డ కృతుల పుస్తకం కోసం వంగబోతే గట్టిగా కసిరారు. కసురుకి అనువాదం అక్కర్లేదు కదా! ఆ తొక్కిసలాటలో వంగుంటే మళ్ళీ లేచేదాన్ని కాదేమో.

కావేరి గట్టు చేరాక అమ్మ చేతిలో నీళ్ళ సీసా పెట్టి, పేరు అడిగేలోపే వెళ్ళిపోయారు. పుస్తకం దొరకలేదు లెండి. ఈ ముక్క ఎవరైనా తెలుగువాళ్ళు మీకు చదివి వినిపిస్తారని ఆశ. చాలా థాంక్స్ అక్కా. నన్రి.